కర్ర తగలకముందే రాలిన పూలు

మా సినిమాలో ఒక ముసలమ్మ ఇప్పచెట్టు కింద నిలబడి కర్ర ఎత్తుతుంది. కర్ర ఇంకా గాలిలో ఉండగానే పూలు రాలడం మొదలవుతుంది. ఆ తర్వాత ముసలమ్మ, పని అయిపోయిన చెట్టును, తీరిగ్గా కొడుతుంది.

పదకొండు రోజుల పాటు ఈ దృశ్యాన్ని బాగుచేశాం. బాగుచేశాం అన్నది మర్యాద కోసం. ఆ పదకొండు రోజుల్లో పూలు ఒకసారి ఆకాశంలోకి వెళ్లిపోయాయి. ఒకసారి నేలను దాటి కిందికి దిగిపోయి మళ్లీ కనిపించలేదు. ఒకసారి ముసలమ్మ కొప్పుకు అతుక్కుని ఆమెతో పాటు ఇంటికి వెళ్లాయి. ముందే రాలడం మాత్రం మానలేదు.

సినిమా అంటే నాలుగు నిమిషాల కంప్యూటర్ బొమ్మల కథ. చేసేది ముగ్గురం. కథ, బొమ్మలు అక్కవి. సొంత అక్క కాదు. నాకంటే రెండేళ్లు పెద్దది, తప్పు చేస్తే సొంత అక్కలాగే తిడుతుంది, అందుకని ఆ పిలుపు స్థిరపడింది. ఆమెది భద్రాచలం దాటాక అడవిలో ఒక కోయ ఊరు. ఉండేది భద్రాచలంలో ఒక కిరాయి గదిలో. తమ ఊరి బడి పిల్లలకు వాళ్ల భాషలోనే, వాళ్లకు తెలిసిన మనుషులతోనే ఒక కథ చూపించాలని ఆమె పట్టుదల. బొమ్మలను కదిలించేది మావాడు. ఖమ్మంలో ఒక దర్జీ గారి అబ్బాయి, డిగ్రీలో నా పక్క బెంచీ. ఇక నేను పాల్వంచలో ఉంటాను. ప్రాణం లేనివాటిని కదిలించడం నా పని: రాలే పూలు, ఊగే కొమ్మలు, చీర కొంగులు. కాబట్టి ముందే రాలిన ఆ పూలు నావే.

ముగ్గురం మూడు ఊళ్లలో ఉన్నాం కనుక మధ్యలో ఒక ఆన్‌లైన్ షీటు పెట్టుకున్నాం. తప్పు చూసినవాళ్లు ఎన్నో సెకనులో, ఏం తప్పు, ఎవరి పని అన్నది అందులో రాయాలి. చివరి గడిలో "చేయాలి", "చేస్తున్నా", "అయింది" అన్న మూడింట్లో ఒకటి ఉండాలి. నియమం అక్కది. దాన్ని మేమెంత పద్ధతిగా పాటించామో చూడండి.

"48వ సెకను. పూలు ముందే రాలుతున్నయి, చూడురా" అని మావాడు రాశాడు.

"చూసిన. అవ్, ముందే రాలుతున్నయి" అని కింద నేను రాశాను.

"చూడమంటే సరిచెయ్యమని."

"గట్ల రాయాలె మరి."

దాని కింద అక్క ఒక్కటే రాసింది: "మీ ఇద్దరినీ చెట్టుకు కట్టేస్త, అప్పుడు ఎవరు ముందు రాలుతరో చూద్దాం."

నవ్వులాటగానే ఉన్నా, మావాడికి మాత్రం ఆ సినిమా నవ్వులాట కాదు. వాళ్ల నాన్నకు బజారులో చిన్న కుట్టు దుకాణం. మావాడు అంతకుముందు మొదలుపెట్టి వదిలేసినవి చాలా ఉన్నాయి: బ్యాంకు పరీక్షల కోచింగు, ఫొటోల స్టూడియో, గిటారు, చివరికి వాళ్ల నాన్న నేర్పబోయిన అంగీ కుట్టడం. ఆ అంగీ ఇప్పటికీ ఒకే చెయ్యితో దుకాణంలో వేలాడుతోంది. రంజాన్ ఉపవాసాలు, వాళ్ల మాటల్లో రోజాలు, దగ్గరపడుతుండగా ఆయన తేల్చి చెప్పేశారు. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. నాకు కూడా అర్థం కావాలని ఆ ముక్క తెలుగులో చెప్పారు.

"చూడు బేటా. జిందగీల ఒక్కటి పూర్తి చేసి నా కండ్లకు చూపి. పదిహేనో రోజా లోపల. అటెనక పండగ బట్టల గిరాకీ నాకు ఊపిరాడనియ్యదు. చూపిస్తే నీ పని నువ్వు చేస్కో, నేను అడ్డం రాను. చూపియ్యకుంటే జల్దీ వచ్చి మిషన్ మీద కూసో. మళ్ల కంప్యూటర్ మాట ఎత్తొద్దు."

"నాలుగు నిమిషాలదే చాచా, అయిపోతది" అన్నాను నేను.

ఆయన ఒంటి చెయ్యి అంగీ వైపు చూశారు. "అంగీ గూడ నాలుగు మూరలదే."

కాబట్టి నా పూలు సకాలంలో రాలకపోతే మావాడు కుట్టు మిషన్ ఎక్కాలి. మామూలుగా ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకోబోతుంటే పక్కన కూర్చుని జోకు వేసే రకం నేను. ఈసారి జోకు వెయ్యడానికి ముందు బాగుచెయ్యాల్సింది ఒకటుంది.

మొదటి అనుమానం కంప్యూటర్ మీద. ఆపి మళ్లీ పెట్టాను. మన వైద్యం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. తర్వాతి అనుమానం గాలి మీద. సినిమాలో గాలి కూడా నేను పెట్టిందే, తీసేశాను. గాలి లేకుండా కూడా పూలు ముందే రాలాయి. భూమి లాగే శక్తిని తగ్గించి చూశాను. పూలు ఆకాశానికి వెళ్లింది అప్పుడే. లెక్క వేసే ప్రతిసారీ కంప్యూటర్ ఫ్యాను హోరుమనేది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునే మా నాన్న ఒకరోజు లేచి కూర్చున్నాడు.

"ప్లాంటుల గూడ గింత సప్పుడు ఉండదురా. లోపల ఏం తయారు చేస్తున్నవ్?"

"పూలు, నాన్నా."

ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

పదకొండో రోజు అక్క ముగ్గురినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టింది. "ఎవరేం మార్చిన్రు, ఏ రోజు మార్చిన్రు, మొదటి నుంచి చదవండి. కతలొద్దు" అంది. చదివాం. తప్పు పావుగంటలో దొరికింది.

పూలు రాలే లెక్క కంప్యూటర్‌కు చాలా బరువైన పని. అందుకని ఒకసారి చేయించి, ఆ ఫలితాన్ని దాచిపెట్టి, దాన్నే వాడుకుంటాం. నేను ఆ లెక్క సోమవారం చేయించి దాచాను. "అయింది, ఇంక ముసలమ్మ చెయ్యి ఎవరూ ముట్టొద్దు" అని వాట్సాప్ గ్రూపులో చెప్పాను. నా జోకులు భరించలేక మావాడు ఆ గ్రూపు శబ్దం ఎప్పుడో ఆపేసుకున్నాడు. బుధవారం అతనికి, అంత వయసు మనిషి అంత వేగంగా కర్ర విసరదు కదా అని తోచి, చెయ్యి నెమ్మది చేశాడు. చేసినట్టు పద్ధతిగా షీటులో రాశాడు. షీటు నేను చదవలేదు. ఈ రెండు సంగతులూ తెలిసిన అక్క ఇద్దరికీ కలిపి బస్సులోంచి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపింది. దాన్ని ఇద్దరం మొదటి నిమిషం దాకా విన్నాం.

నేను గాలిని, భూమి లాగే శక్తిని మార్చి ఎన్నిసార్లు లెక్క వేయించినా, ఏ పువ్వు ఎప్పుడు కొమ్మ వదలాలన్నది మాత్రం సోమవారం దాచినదాని నుంచే వచ్చేది. పూల తప్పేం లేదు. సోమవారం చెప్పిన టైముకు వచ్చాయి. కర్రే ఆలస్యమైంది.

దాచిన పాత లెక్కను తీసేశాను. కసికొద్దీ చెత్తబుట్టలోంచి కూడా తీసేశాను. కొత్తగా లెక్క వేయించాను. పన్నెండో ప్రతిలో కర్ర కొమ్మకు తగలగానే పూలు జలజలా రాలాయి. మావాడు చేసిన దెబ్బ కూడా చూడదగ్గదే. ఆ ఊపు కోసం వాళ్ల డాబా మీద బూజు కర్ర పట్టుకుని రోజుల తరబడి గాలిని కొట్టాడు. మడమ లేవడం, నడుము తిరగడం, దెబ్బ తగిలాక భుజం అదరడం, అన్నీ ఉన్నాయి. అతను చేసినవాటిలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు. షీటులో ఆ వరుసకు "అయింది" అని పెట్టాను. అప్పటికి ఏడో రోజా నడుస్తోంది. చేతిలో ఎనిమిది రోజులున్నాయి, పని అయిపోయింది. మా చరిత్రలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

అక్క మాత్రం, వాళ్ల అమ్మమ్మ చూసి సరే అంటేనే అయినట్టు అంది. సినిమాలోని ముసలమ్మ పోలిక ఆమెదే, కథ చెప్పే గొంతు కూడా ఆమెదే. సరే, సంతకం లాంటిది, వెళ్లి పెట్టించుకొద్దాం అనుకున్నాం. భద్రాచలం నుంచి బస్సు, అక్కడి నుంచి ఆటో, ఆటో ఆగిపోయిన చోటు నుంచి నడక. ఉపవాసంతో ఉన్నవాడు ల్యాప్‌టాప్ సంచి మోశాడు. నేను అతనికి ధైర్యం మోశాను.

పొద్దుగూకేవేళకు వాకిట్లో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టాం. మావాడు ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. మేం అవ్వ అని పిలిచిన అక్క అమ్మమ్మ, చుట్టుపక్కల నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. తెర మీద తన పోలికను చూసి అవ్వ ముక్కు మీద వేలేసుకుంది. కర్ర లేచింది. దెబ్బ పడింది. పూలు జలజలా రాలాయి. మేము ముగ్గురం వాళ్ల ముఖాలు చూశాం.

ఒకామె కోయలో ఏదో అంది, మిగతావాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు.

"ఏమంటున్నరు అక్కా?" అన్నాను.

"ముసలిదానికీ చెట్టుకూ ఏమన్న కొట్లాట ఉందా అని అడుగుతున్నరు."

అవ్వ నా వైపు తిరిగి తెలుగులోనే అడిగింది. "చెట్టును ఎందుకు కొడుతుంది అది?"

"పూల కోసం, అవ్వా."

"పూలు దాని అంతట అది ఇస్తది కదా."

అప్పుడు బయటపడింది. ఇప్పపూలను ఎవరూ కొట్టి రాల్చరు. తెల్లవారుజామున వాటంతట అవే రాలుతాయి, కింద ఏరుకుంటారు. అంతే.

మరి కర్ర ఎక్కడి నుంచి వచ్చింది? నా నుంచి. అక్క కథలో రాసింది ఒక్క వాక్యం: "అవ్వ పొద్దున్నే ఇప్పపూలు తెచ్చింది." ఎట్ల తెచ్చింది అని మావాడు అడిగాడు. కారేపల్లి దగ్గర మా అమ్మమ్మ గారి ఊళ్లో చింతపండు దులపడం చూసినవాణ్ని కాబట్టి, కొమ్మను కొట్టి అని చెప్పాను. ఊరికే వంగి ఏరుకుంటే చూసేవాళ్లకు నిద్ర వస్తది, ఒక దెబ్బ ఉండాలె అని కూడా అన్నాను. పక్కవాళ్ల నాటకాల్లో గాలి తీసే నేను, పోయి పోయి ఒక నాటకం కల్పించాను.

"మరి నువ్వేమనలేదేందక్కా, మీ ఊరే కదా" అన్నాడు మావాడు.

అక్క ల్యాప్‌టాప్ మూసింది. "నాకు తెల్వదురా. మూడో తరగతి నుంచి హాస్టల్. పూలు రాలే నెలంత పరీక్షలు. సెలవులకు ఇంటికొచ్చేసరికి పూలు వాకిట్ల ఎండుతుండేటివి. రాలంగ నేను ఎప్పుడూ చూడలే. నువ్వు కర్ర అన్నవ్, అంతేనేమో అనుకున్న."

ఆమె మూసిన ల్యాప్‌టాప్ మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. నాకు తెలిసిన మందు ఒకటే. "ఎండిన పూలు మాత్రం భలే గీసినవ్ అక్కా. ఒక్కరు గూడ తప్పు పట్టలే" అన్నాను. ఆమె నా వీపు మీద ఒకటి వేసింది. ఆ దెబ్బలో టైమింగ్ సరిగ్గా ఉంది.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే మావాడు సహరీకి, అంటే ఉపవాసానికి ముందు తిండికి, లేచాడు. నిశ్శబ్దంగా తినేసి పడుకుందామనుకున్నాడట. లేచి చూస్తే ఊరు ఊరంతా లేచి ఉంది. ఇంటింటి ముందూ టార్చిలైట్లు, గంపలు. అవ్వ అతనికి అన్నం పెట్టి, తినేదాకా కూర్చుని, "తిన్నవ్ కదా, రా" అని వెంట తీసుకుపోయింది. నన్ను అక్క కాలితో తట్టి లేపింది.

ఏ చెట్టు ఏ ఇంటిదో అక్కడ అందరికీ తెలుసు. అవ్వ చెట్టు కింద ఎండుటాకులు ముందే ఊడ్చి కాల్చేసి ఉన్నాయి, నేల శుభ్రంగా ఉంది. కూర్చున్నాం. తెల్లవారబోతోంది. టప్. కాసేపు ఏమీ లేదు. టప్, టప్. ఒకటి నా నెత్తిన పడింది. మెత్తగా, లేత పసుపు రంగులో, లోపల తీపి వాసనతో. ఎవరూ కొమ్మ ముట్టుకోలేదు, గాలి కూడా లేదు. అక్క తల పైకెత్తి చూస్తూనే ఉంది. నేను జోకు వెయ్యలేదు, నోట్లో పువ్వు ఉంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మా ఏడో ప్రతి నా ఫోన్‌లో ఇంకా ఉంది. గాలి తీసేసినప్పటిది. కర్ర రాకముందే పూలు ఒక్కటొక్కటిగా రాలుతుంటే, పగలబడి నవ్వుకోవడానికి దాచుకున్నది. అవ్వకు చూపించాను. ఆమె ఫోన్ దగ్గరికి తీసుకుని చూసింది.

"ఇది సరిగ్గ ఉంది" అంది. కర్ర లేచాక ఫోన్ నా చేతిలో పెట్టేసింది. "ఆ కర్ర తీసేయండి."

పదకొండు రోజులు కష్టపడి మేం సరైనదాన్ని పాడుచేశామన్నమాట. నాకు నవ్వు ఆగలేదు. మావాడు నవ్వలేదు. కర్ర పోతే అతని దెబ్బ పోతుంది. ఆ భుజం, ఆ మడమ, అన్నీ. ఆ చోట ఇరవై సెకన్లు మొదటి నుంచి మళ్లీ చెయ్యాలి. వాళ్ల నాన్న పెట్టిన గడువుకు వారం ఉంది.

తిరుగు దారిలో ఆటో కోసం నిలబడినప్పుడు నా సలహా నేను చెప్పాను. "మీ అబ్బాకు ఇప్పచెట్టు సంగతి ఏం తెల్వదు. కర్రదే చూపియ్. పూర్తయిందంటడు. అటెనక తీరిగ్గ మార్చుకుందాం."

అతని కోసం ఆ మాట అక్క కూడా ఒప్పుకునేటట్టే ఉంది.

మావాడు రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "కాలర్ తిరగేసి కుట్టిన అంగీని, పండగ అయినంక సరిచేస్తలే అని మా అబ్బా ఎవరికన్న ఇచ్చిండారా?"

ఆటో వచ్చింది. ఎక్కాం.

ఆ వారమంతా మావాడు, ఆ పొద్దున అవ్వ పూలు ఏరుతుండగా తీసుకున్న వీడియోను ముందు పెట్టుకుని పని చేశాడు. ఆమె కూర్చోదు. నడుము దగ్గర వంగి, ఎడమ చెయ్యి మోకాలి మీద ఆనించి, కుడి చేతిలో గుప్పెడు నిండేదాకా ఏరి అప్పుడు గంపలో వేస్తుంది. చూసేవాళ్లకు నిద్ర వస్తుందన్న నా మాట అక్క షీటులో నా పేరు పక్కనే రాసిపెట్టి, "అబద్ధం" అని ముగించింది.

నా బాధ వేరే. "పూలు ముందే రాలుతున్నాయి" అన్న వరుసను "అయింది" నుంచి మళ్లీ "చేయాలి"కి మార్చారు. తప్పును తిరిగి తేవడం నా పని. తేలిక అనుకున్నాను. పాత లెక్కను చెత్తబుట్టలోంచి కూడా తీసేసిన వీరుణ్ని కదా, అది లేదు. కోరనప్పుడు పదకొండు రోజులు పోనిది, కోరినప్పుడు మూడు రోజులు రాలేదు. అన్నీ ఒక్కసారే రాలేవి, లేదా అసలు రాలేవి కావు. చివరికి చెట్టు కింద ఫోన్‌లో రికార్డు చేసిన టప్ టప్ శబ్దాన్ని పెట్టుకుని, ఒక్కో శబ్దానికి ఒక్కో పువ్వును చేత్తో వదిలాను. మా నాన్నకు ఫ్యాను చప్పుడు లేక నిద్ర పట్టలేదట.

పదిహేనో రోజా నాడు మధ్యాహ్నం ఖమ్మంలో దుకాణానికి వెళ్లాం. మావాడు ఫోన్‌ను మిషన్‌కు ఆనించి నిలబెట్టాడు. చాచా మెడలో టేపుతో, ముక్కు చివర కళ్లద్దాలతో చూశారు. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు. రెండోసారి అవ్వ వంగినప్పుడు ఆపించారు.

"డాబా మీద కర్ర పట్టుకొని ఎగిరినవ్ కద, అది ఏది?"

"తీసేసిన అబ్బా."

"ఎన్ని దినాలు చేసినవ్ అది?"

"పదకొండు."

"ఎందుకు తీసేసినవ్?"

"అది తప్పంట. ఆళ్లు చెట్టును కొట్టరు."

ఆయన నా వైపు తిరిగి, కొడుకు అక్కడ లేనట్టుగా అన్నారు. "విప్పి మళ్ల కుట్టిండు."

"అవ్ చాచా."

"ఒంటి చెయ్యి అంగీ ఎందుకు వేలాడుతుంది అనుకున్నవ్? రెండో చెయ్యి తిరగేసి కుట్టిండు. విప్పురా అంటే లేచి పోయిండు." కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. నేను ఆశగా చూశాను, అది చెమట. మళ్లీ పెట్టుకుని తెర మీద అవ్వ భుజం దగ్గర వేలు పెట్టారు. "ఈ జాకెట్ ఎవరు కుట్టిన్రు?"

"నేనే చాచా" అన్నాను. బట్టలు నా పని.

"గిట్ల బిగిస్తే ముసలామె వంగినప్పుడు చంక కాడ పడతది. వదులు పెట్టాలె. కొంగు గూడ చూడు, ప్లాస్టిక్ లెక్క నిలబడ్డది. నూలు చీర గట్ల నిలబడదు."

"అయితే పూర్తి అయినట్టా, కానట్టా అబ్బా?" మావాడి గొంతు మెల్లగా ఉంది.

"నీది పూర్తయింది. ఈనిది కాలే" అని నన్ను చూపించారు. "పండగ దాంక నాకు గుండీల కాజాలు కుట్టిపెట్టు, మనిషి లేడు. అటెనక నీ కంప్యూటర్ నువ్వు చూస్కో. జాకెట్ సరిచేసినంక నాకు మళ్ల చూపియ్యాలె."

మావాడు స్టూలు లాక్కుని, సూదిలో దారం ఎక్కించాడు. మొహం మాత్రం పండగ ముందే వచ్చినట్టు వెలిగిపోతోంది. నేను బయటికి వచ్చి అక్కకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె విని, "షీటుల రాసినవా మరి?" అంది.

ఖమ్మం బస్టాండులో పాల్వంచ బస్సు కోసం నిలబడి షీటు తెరిచాను. చాచా పట్టిన తప్పు అప్పటికే అందులో ఉంది. కాజాల మధ్యలో మావాడే ఎక్కించేశాడు. "51వ సెకను. జాకెట్ చంక దగ్గర బిగువు. కొంగు ప్లాస్టిక్. తప్పు పట్టింది: అబ్బా. పని ఎవరిది: నీది." చివరి గడి ఖాళీగా వదిలాడు.

"చేస్తున్నా" అని పెట్టి, బస్సెక్కాను.